పాఠం పిల్లకోసం ఆగాలా, పిల్ల పాఠం వెంట పరిగెత్తాలా?

పోస్టు పొడుగుగా ఉంటుంది. ఓపిక ఉన్నప్పుడే చదవండి, కానీ వచ్చే సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తేలోగా చదవండి.

కార్యవర్గం తీర్మానం గ్రూపులో చూశాను. మన పాత అక్షరాల సీడీ ఇప్పుడు ఎవరి కంప్యూటర్లోనూ తెరుచుకోవడం లేదు. అందుకని దాన్ని ఒక స్టూడియోకి ఇచ్చి వీడియోగా మార్పించి, యూట్యూబ్‌లో పెట్టి, వేసవి తెలుగు క్లాసులో అదే పాఠంగా నడపాలట. 56 అక్షరాలు, అక్షరానికి 15 సెకన్లు, మొత్తం 14 నిమిషాలు. బటన్లు ఏవీ ఉండవు. "ఒకసారి నొక్కితే చాలు, చివరిదాకా అదే పోతుంది" అని రాశారు, అదేదో గొప్ప సౌకర్యం అయినట్టు.

లెక్క సరిగ్గానే ఉంది. పాఠమే సరిగ్గా లేదు. ఈ తీర్మానానికి నేను వ్యతిరేకం.

ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. సెక్రటరీగారు క్లాసు నడవాలనే తపనతోనే ఇది చేస్తున్నారు. నేను చూసేది ఒక్కటే: అక్షరం తెర మీద ఎంతసేపు నిలవాలి, ఎప్పుడు కదలాలి అన్నది ఎవరి చేతిలో ఉంది? వీడియోలో అది స్టూడియోలో కూర్చున్నవాడి చేతిలో ఉంది. వాడు మన పిల్లని చూడలేదు.

మన పిల్లలు ఎవరు? ఇంట్లో తెలుగు వింటారు, బళ్ళో తమిళం చదువుతారు. నేనూ అట్లా చదివినవాణ్ణే. ఎస్సెల్సీ దాకా తమిళ మీడియం. తమిళం నాకు ఉద్యోగం ఇచ్చింది, అన్నం పెట్టింది, దాని మీద ఒక్క మాట పడనివ్వను. కానీ 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చాక, అది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. మనలో ఎక్కువమంది ఇళ్ళల్లో ఇప్పుడు తెలుగు అక్షరం చూసే చోటు ఆ వేసవి క్లాసు ఒక్కటే. అక్కడ చూపించే పాఠం ఎవరికోసం చేశామో తెలిసి చెయ్యాలి కదా.

తమిళం చదివిన పిల్లకి తెలుగు అక్షరాలన్నీ ఒకే కష్టం కాదు. ఎ, ఏ, ఐ, ఒ, ఓ, ఔ చూపించండి. తమిళంలో ఇవన్నీ అదే వరసలో ఉన్నాయి. పొట్టి ఎ వేరు, పొడుగు ఏ వేరు అని ఆ పిల్లకి ముందే తెలుసు. కొత్త బొమ్మ గుర్తుపట్టడమే పని. రెండు మూడు సెకన్లు చాలు. ణ, ళ కూడా అంతే, నాలుకకి అలవాటే.

అదే పిల్ల ముందు క, ఖ, గ, ఘ పెట్టండి. తమిళంలో ఆ నాలుగింటికీ అక్షరం ఒకటే. 'పక్కం'లోనూ అదే, 'పగల్'లోనూ అదే. ఏది క, ఏది గ అన్నది మాటలో ఉన్న చోటునిబట్టి నోరు తేల్చుకుంటుంది. ఖ, ఘ అసలు లేవు. అంటే ఆ పిల్ల కొత్త బొమ్మ ఒక్కటే కాదు, ఇన్నాళ్ళూ ఒకటే అనుకున్నది నాలుగు అని నేర్చుకుంటోంది. అక్కడ 15 సెకన్లు ఏమూలకి? ట వర్గం, త వర్గం, ప వర్గం, అన్నిచోట్లా ఇదే గోల. ఎ, ఏ దగ్గర పిల్ల ఆవలిస్తూ కూర్చుంటుంది, ఖ, ఘ దగ్గరకొచ్చేసరికి పాఠం దాటిపోతుంది.

ఇది ఒక్క తమిళనాడు గొడవ అనుకోకండి. ఈ గ్రూపులో బరంపురం వాళ్ళున్నారు, షోలాపూర్ వాళ్ళున్నారు, బెంగళూరు వాళ్ళున్నారు. ఒడియా చదివే పిల్లకి ఖ, ఘ, థ, ధ అన్నీ వచ్చు, అక్కడ ఆగక్కర్లేదు. ఒడియాలో ఏ, ఓ ఉన్నాయి గాని పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. మరాఠీలోనూ అంతే. కాబట్టి మనం పరిగెత్తేచోట వాళ్ళు నిలబడాలి, మనం నిలబడేచోట వాళ్ళు పరిగెత్తచ్చు. కన్నడం చదివే పిల్లకి ఇంకో రకం. లిపి దాదాపు ఒకటే కాబట్టి అన్నీ వచ్చేసినట్టే అనుకుంటుంది, క, త, శ దగ్గర బోర్లా పడుతుంది. ఆ మూడింటి రూపం కన్నడంలో వేరు. యానాం పిల్లలకి ఈ బాధలేవీ లేవు, వాళ్ళు బళ్ళోనే తెలుగు చదువుతారు.

ఒకే 15 సెకన్ల వీడియో వీళ్ళందరికీ ఎట్లా సరిపోతుంది? ఎవరికీ సరిపోదు. అదే పాఠం, అవే బొమ్మలు, అదే గొంతు ఉంచి, ఏ అక్షరం దగ్గర ఎంత ఆగాలన్న పట్టిక ఒక్కటి వేరుగా పెడితే ఒక్కో ఊరి సంఘం తన పట్టిక తాను మార్చుకుంటుంది. ఆ సౌకర్యం స్క్రిప్టులో ఉంది. వీడియోలో లేదు.

"వీడియోకి కూడా పాజ్ బటన్ ఉంటుంది కదా, ఆపుకుంటే సరి" అని కోశాధికారిగారు అన్నారు. మంచి ప్రశ్నే. జవాబు చెబుతాను.

వీడియో పాజ్ అనేది ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళకి. ఆరేళ్ళ పిల్లకి ఎక్కడ ఆగాలో తెలిస్తే ఆ అక్షరం వచ్చినట్టే లెక్క. వాళ్ళ చెయ్యి వెళ్ళి నొక్కేసరికి అక్షరం సగం గీసి ఉంటుంది, లేదా తర్వాతి అక్షరం మొదలై ఉంటుంది. పది సెకన్లు వెనక్కి జరిపితే ఇంకో అక్షరం మధ్యలో పడుతుంది. పాఠం తనంతట తాను సరైన చోట ఆగాలి. కదిలేది పిల్ల చెయ్యి పడ్డాకే. ఈ రెండూ కావాలి, ఒకటి ఉంటే చాలదు.

ఇంకో మాట, ఇది చాలామంది ఆలోచించి ఉండరు. "వేగంగా ఉంటే యూట్యూబ్‌లో సగం స్పీడు పెట్టుకోవచ్చు" అన్నారు. పెట్టి చూడండి. బొమ్మతోపాటు గొంతు కూడా సాగుతుంది. 'అ' అని పలికింది 'ఆ' అని వినిపిస్తుంది. 'ఇ' కాస్తా 'ఈ' అవుతుంది. ఇంగ్లీషు పాఠానికి అది ఫరవాలేదేమో. మన భాషలో పొట్టి, పొడుగు తేడానే సగం చదువు. 'పలు' వేరు, 'పాలు' వేరు. స్పీడు తగ్గించి నేర్పితే తప్పు నేర్పినట్టే. గీత మెల్లగా గియ్యాలి, గొంతు మామూలుగా పలకాలి. బొమ్మనీ గొంతునీ విడివిడిగా నడిపించేది స్క్రిప్టు మాత్రమే. వీడియోలో రెండూ ఒకే తాడుకి కట్టేసి ఉంటాయి.

ఇంక అసలు విషయానికి వస్తాను. బటన్లు వద్దు అనడానికి కార్యవర్గం చెప్పిన పెద్ద కారణం: "పాత సీడీలో బటన్లు ఉండేవి, నొక్కితే పాఠం ఎగిరిపోయేది, పిల్లలు గందరగోళపడేవాళ్ళు." ఎగిరిపోయేది నిజమే. అది బటన్ల నేరం కాదు. ఎందుకు ఎగిరేదో నేను ఫైలు తెరిచి చూశాను.

పాత సీడీ ఫ్లాష్‌లో చేసింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్‌ని ఆపేశారు, 2021 జనవరి 12 నుంచి అది ఏ ఫైలునీ నడపకుండా అడ్డుకట్ట వేశారు. అందుకే తెరుచుకోవడం లేదు, సీడీ పాడై కాదు. రఫిల్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, పాత ఫ్లాష్ ఫైళ్ళని ఇప్పటి బ్రౌజర్లో నడిపిస్తుంది. మన పాఠం దాంట్లో నడిచింది. తయారుచేసిన అబ్బాయి అసలు ఫైలు కూడా సీడీలోనే పెట్టాడు, అది మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. టైమ్‌లైన్ అంటే రైలు పట్టా అనుకోండి. దాని మీద వరసగా ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున బండి ముందుకు పోతూ ఉంటుంది, ఏ ఫ్రేము మీద ఉంటే ఆ బొమ్మ కనిపిస్తుంది. ఏదైనా ఫ్రేములో 'స్టాప్' అని రాస్తే బండి అక్కడ నిలబడుతుంది. 'ప్లే' అంటే కదులుతుంది. ఇంత దాకా ఎవరికైనా అర్థమవుతుంది.

మూడు సెకన్లు ఆగి, దానంతట అదే కదలాలంటే? రెండు దారులు. మొదటిది గుడ్డి దారి: ఏమీ మారని ఫ్రేములు 72 నింపడం. బండి పోతూనే ఉంటుంది, చూసేవాడికి ఆగినట్టు కనిపిస్తుంది. 56 అక్షరాలకి అట్లా చేస్తే 4,032 ఉత్త ఫ్రేములు. రేపు మూడు సెకన్లు కాదు ఐదు కావాలంటే 56 చోట్ల 48 చొప్పున ఫ్రేములు చొప్పించాలి. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా సెకనుకి 24 కాదు 12 ఫ్రేములు అని మార్చారో, అన్ని ఆగుళ్ళూ రెట్టింపు అవుతాయి. స్టూడియో వాళ్ళు పంపిన నమూనా వీడియో చూశాను, ఇదే పద్ధతి. వీడియోకి వేరే పద్ధతి ఉండదు కూడా.

రెండో దారి స్క్రిప్టు. అక్షరం పూర్తయిన ఫ్రేములో 'స్టాప్', దాంతోపాటు ఒక టైమర్: 3,000 మిల్లీసెకన్లు అయ్యాక 'ప్లే' అను. ఆ 3,000 అన్న అంకె పైన ఒకేచోట రాసుకుంటాం. మార్చాలంటే అక్కడ మారుస్తాం, అంతే. మన పాత సీడీలో ఆ అబ్బాయి ఈ దారినే పట్టాడు. మంచి పని చేశాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అతను వాడిన టైమర్ 'సెట్ ఇంటర్వల్'. అది ఒకసారి మోగి ఊరుకునే రకం కాదు, మూడు సెకన్లకోసారి మోగుతూనే ఉంటుంది, 'క్లియర్ ఇంటర్వల్' అని మనం రద్దు చేసేదాకా. రద్దు చెయ్యాలంటే టైమర్ పెట్టినప్పుడు వచ్చిన నెంబర్ కావాలి. ఆ ఫైల్లో టైమర్ మోగినప్పుడు మాత్రమే రద్దు చేశాడు. పిల్ల మూడు సెకన్లు ఆగకుండా 'తర్వాత' బటన్ నొక్కితే? పాఠం తర్వాతి అక్షరానికి పోతుంది, అక్కడ కొత్త టైమర్ మొదలవుతుంది, దాని నెంబర్ పాత నెంబర్ మీద రాసేస్తుంది. పాత టైమర్ చావలేదు. దాన్ని రద్దు చేసే నెంబర్ మాత్రం పోయింది. పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాళ్ళకి బాగా తెలుస్తుంది: సరుకు గోడౌన్లో ఉంది, రసీదు పోయింది. ఇంక ఆ పాత టైమర్ పాఠం అయ్యేదాకా మూడు సెకన్లకోసారి 'పో, పో' అని తోస్తూనే ఉంటుంది. పిల్ల నాలుగుసార్లు నొక్కితే నాలుగు దయ్యాలు. పాఠం ఎగరక ఏం చేస్తుంది?

సింగిల్ లైన్ సెక్షన్లో టోకెన్ పద్ధతి గుర్తుందా? ఒక టోకెన్ బయట ఉండగా రెండోది మిషన్ లోంచి రాదు. డ్రైవర్లు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని కాదు, మిషనే ఇవ్వదు. ఇక్కడా అంతే చెయ్యాలి. ఏ బటన్ నొక్కినా ముందు చేసే పని పాత టైమర్ని రద్దు చెయ్యడం, ఆ తర్వాతే కొత్తది పెట్టడం. స్క్రిప్టులో అది ఒక్క వరస. మళ్ళీ మళ్ళీ మోగే టైమర్ బదులు ఒక్కసారే మోగే 'సెట్ టైమౌట్' వాడితే ఇంకా మేలు. ఒక్క వరస రాయకపోతే బటన్లే పనికిరావని తీర్మానం చేశారు. తలుపు కీచుమంటే నూనె చుక్క వెయ్యాలి గాని తలుపు పీకి గోడ కట్టేస్తామా?

పాత సీడీలో ఇంకో రెండు లోపాలు కూడా ఉన్నాయి. ఎదుటివాళ్ళు లేవనెత్తకముందే నేనే చెబుతాను.

'ఆపు' నొక్కితే అక్షరం ఆగేది, కలం మాత్రం గీస్తూనే ఉండేది. ఎందుకంటే కలం బొమ్మ వేరే మూవీ క్లిప్పు, దానికి దాని సొంత టైమ్‌లైన్ ఉంటుంది. ప్రధాన టైమ్‌లైన్ని ఆపితే లోపలి క్లిప్పు ఆగదు. ఇంజన్ నిలబడింది, పెట్టెలు పోతున్నాయి. లోపలి క్లిప్పుకి కూడా విడిగా 'స్టాప్' చెప్పాలి. గొంతు సంగతీ అదే. ఫ్లాష్‌లో ధ్వని రెండు రకాలుగా పెట్టచ్చు. 'ఈవెంట్' అని పెడితే ఒకసారి మొదలయ్యాక టైమ్‌లైన్ ఆగినా అది తన దారిన తాను పాడుకుంటుంది. 'స్ట్రీమ్' అని పెడితే టైమ్‌లైన్‌తోపాటే ఆగుతుంది. మన పాఠంలో 'ఈవెంట్' పెట్టారు. అందుకే తెర మీద గ ఉండగా గొంతు ఘ అనేది. తమిళ మీడియం పిల్లకి ఇంతకంటే పెద్ద ద్రోహం ఉంటుందా?

రెండోది, ఆగి ఉన్న సమయంలో 'ఆపు' నొక్కడం. ఆరు సెకన్ల ఆగుడులో నాలుగు అయ్యాయి, పిల్ల 'ఆపు' నొక్కి నీళ్ళు తాగడానికి పోయింది. టైమ్‌లైన్ ఎలాగూ ఆగే ఉంది, టైమర్ మాత్రం లోపల లెక్కపెడుతూ ఉంది. రెండు సెకన్లు కాగానే పాఠాన్ని కదిలించేస్తుంది. దీనికి మందు: ఆగుడు మొదలైన సమయం రాసుకోవాలి. 'ఆపు' నొక్కగానే టైమర్ని రద్దు చేసి, ఇంకా ఎంత మిగిలిందో లెక్కకట్టి పెట్టుకోవాలి. మళ్ళీ 'నడుపు' అనగానే ఆ మిగిలిన రెండు సెకన్లకే కొత్త టైమర్. కూడిక, తీసివేత వచ్చినవాళ్ళు ఎవరైనా చెయ్యగల లెక్క.

ఇప్పుడు అదే పాఠాన్ని ఇప్పటి బ్రౌజర్లో, ఫోన్లో నడిచేట్టు మళ్ళీ చెయ్యచ్చు. ఫ్లాష్ లేదు గాని అదే టైమ్‌లైన్, అదే 'స్టాప్', అదే 'ప్లే' పద్ధతిలో ఇప్పటి బ్రౌజర్లకి యానిమేషన్ తయారుచేసే సాధనాలు ఉన్నాయి. కొన్నింట్లో ఫ్రేముల లెక్క 1తో కాదు, 0తో మొదలవుతుంది, పాత అంకెలు అట్లాగే దించితే ప్రతి అక్షరం ఒక ఫ్రేము తప్పుతుంది. అందుకే అంకెలు వాడొద్దు, ఫ్రేముకి పేరు పెట్టండి అంటాను. 'క', 'ఖ' అని పేరు పెడితే మధ్యలో ఎన్ని ఫ్రేములు చొప్పించినా పేరు దాని చోటే ఉంటుంది. టికెట్టు మీద స్టేషన్ పేరు రాస్తాం గాని కిలోమీటరు రాయి నెంబర్ రాయం కదా.

బ్రౌజర్లో ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. పిల్ల నొక్కకుండా ధ్వని మొదలవ్వడాన్ని ఇప్పటి బ్రౌజర్లు ఒప్పుకోవు, అందుకని మొదట 'మొదలుపెట్టు' బటన్ ఉండాల్సిందే. బటన్లు వద్దన్నవాళ్ళు ఇది గమనించాలి. రెండు, పిల్ల మధ్యలో ఇంకో ట్యాబ్‌కి పోతే వెనక ఉన్న పేజీలో టైమర్లు మందగిస్తాయి, బొమ్మ ఆగిపోతుంది, గొంతు మాత్రం పోతూ ఉండచ్చు. పేజీ కనుమరుగవగానే పాఠం తనే 'ఆపు' అనుకునేట్టు రాయాలి.

ఇదంతా నా పిచ్చి అనుకునేవాళ్ళకి ఒక మాట. వెబ్ పేజీలు అందరికీ అందాలని ప్రపంచవ్యాప్తంగా పాటించే నియమావళి ఒకటుంది, డబ్ల్యూసీఏజీ అంటారు. 2008లో వచ్చిన దాని రెండో రూపంలోనే ఉంది: దానంతట అదే మొదలై, మిగతా వాటి పక్కన 5 సెకన్ల కంటే ఎక్కువసేపు కదిలే బొమ్మ ఏదైనా ఉంటే దాన్ని ఆపే వీలు చూసేవాడికి ఇవ్వాలి. ప్రకటనల బొమ్మలకే ఆ మర్యాద ఉంటే అక్షరాల పాఠానికి ఉండొద్దా?

ఇంక ఎక్కడ ఆగాలన్న సంగతి. నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా ముఖ్యం. అక్షరం పూర్తయ్యాక ఆగడం అందరూ చేస్తారు. పూర్తవకముందు ఆగాలి.

ద, ధ తీసుకోండి. రెంటికీ తేడా కింద ఉన్న చిన్న నిలువు గీత. స్టూడియో నమూనాలో ధ మొత్తం ఒక్క ఊపులో గీసేశారు, చివరి గీత సెకనులో పావు వంతు కూడా లేదు. పిల్ల కళ్ళకి ద, ధ ఒకటే. నేను అడిగేది ఇది: ద ఆకారం అయ్యాక బండి నిలబడాలి. గొంతు 'ద' అనాలి. పిల్ల నొక్కాలి. అప్పుడు ఆ చిన్న గీత ఒక్కటే మెల్లగా దిగాలి. గొంతు 'ధ' అనాలి. మళ్ళీ నిలబడాలి. పిల్ల చేత్తో నొక్కింది కాబట్టి ఆ గీత తానే పెట్టినట్టు ఉంటుంది. బ, భ అట్లాగే. ర మధ్యలో చుక్క పడితే ఠ అవుతుందన్న చోట అట్లాగే. ఈ ఆగుళ్ళకి టైమర్ కూడా పెట్టొద్దు. అక్కడ నడిపేది పిల్ల వేలే. టైమర్ తేలిక అక్షరాలకి చాలు.

బటన్లు కూడా మూటలు మూటలు అక్కర్లేదు. 'మళ్ళీ' అంటే ఆ ఒక్క అక్షరం మొదటినుంచి, పాఠం మొదటినుంచి కాదు. 'ముందుకు', 'వెనక్కి', 'ఆపు', 'మెల్లగా'. ఐదే. వాటి మీద తెలుగులో రాయండి, పక్కన గుర్తు పెట్టండి. పిల్ల ఆ ఐదు మాటలూ ఎవరూ నేర్పకుండానే చదవడం మొదలుపెడుతుంది.

"పాఠం ఆగితే పిల్ల లేచిపోయి ఇంకేదో చూస్తుంది" అని ఒక అమ్మ కామెంటు పెట్టారు. నిజమే, కొందరు లేస్తారు. నేను కాదనను. కానీ ఆగకుండా పోయే వీడియో ముందు కూర్చున్న పిల్ల చదువుతోందని ఎట్లా చెప్పగలం? కూర్చుంది, అంతే. ఆగిన పాఠం ముందునుంచి లేస్తే కనీసం మనకి తెలుస్తుంది, ఏ అక్షరం దగ్గర లేచిందో కూడా తెలుస్తుంది. "వీడియో అయితే అవ్వ పక్కన కూర్చోనక్కర్లేదు" అన్న వాదన మాత్రం నాకు నచ్చలేదు. మన అవ్వల్లో చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. పాఠం ఆగుతూ పోతే పిల్లతోపాటు వాళ్ళూ నేర్చుకుంటారు. వాళ్ళని గదిలోంచి పంపించే పాఠం మనకెందుకు?

డబ్బు సంగతి. స్టూడియో అడిగింది మీ అందరికీ తెలుసు, మళ్ళీ రాయను. బొమ్మలు ఉన్నాయి, గొంతు రికార్డింగు ఉంది, గీతల వరస ఉంది. పాత ఫైలు లోంచి అవన్నీ తీసుకోవచ్చు. కొత్తగా కావలసింది టైమర్లు, బటన్లు, ఆగుళ్ళ పట్టిక. మన సంఘంలోనే కంప్యూటర్ చదివిన పిల్లలు ఎంతమంది లేరు? సెలవుల్లో ఇద్దరు కూర్చుంటే అయ్యే పని. వాళ్ళకి ఇచ్చేది సంఘం పిల్లలకే ఇచ్చినట్టు అవుతుంది. ఫైలు కూడా సంఘం దగ్గరే ఉండాలి, అసలు ఫైలు, స్క్రిప్టుతో సహా. వీడియో ఇచ్చి అసలు ఫైలు ఇవ్వమంటే రేపు ఒక్క సెకను మార్చాలన్నా వాళ్ళ గుమ్మం ముందు నిలబడాలి.

కాబట్టి నా సవరణ ఇది. వీడియో తీర్మానం పక్కన పెట్టాలి. పాత ఫైలుని ఇప్పటి బ్రౌజర్లో నడిచేట్టు, పైన చెప్పిన ఐదు బటన్లతో, ఆగుళ్ళ పట్టిక వేరుగా పెట్టి మళ్ళీ చేయించాలి. పట్టికలు నాలుగు: తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ. బరంపురం, షోలాపూర్, బెంగళూరు వాళ్ళు మీ పిల్లలు ఏ అక్షరాల దగ్గర తడబడతారో రాసి పంపండి, నేను ఊహించి రాయను.

సమావేశానికి నేను త, థ, ద, ధ, న ఐదు అక్షరాల నమూనా తెస్తాను. రెండో తరగతి తమిళ మీడియం చదివే పిల్లల్ని ఎవరైనా వెంట తీసుకురండి. ఒకరికి స్టూడియో నమూనా చూపిద్దాం, ఒకరికి ఇది. అయ్యాక ఇద్దరి చేతా పలక మీద ధ రాయిద్దాం. మధ్యలో పెద్దవాళ్ళం ఎవరం నోరు తెరవకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. ల్యాప్‌టాప్ నేనే తెస్తాను. పోయినసారి హాల్లో స్పీకర్ పనిచెయ్యలేదు, ఎవరింట్లో అయినా మంచిది ఉంటే పట్టుకురండి, థ కీ ధ కీ తేడా వినపడాలి.